ఎర్ర మస్టాంగ్‌లో జమ్మి ఆకు

దేవయ్య ఆ చిన్న గుడ్డమూటను రెండు కళ్ళకూ అద్దుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే, ఖమరుద్దీన్‌కి ఎటు చూడాలో తోచలేదు. ఒమన్‌లోని సోహార్‌లో సొంత కంపెనీ పెట్టి, ఎంతోమందికి డ్యూటీలిచ్చే కాంట్రాక్టరు పాత కార్ల షెడ్డులో నిలబడి పసివాడిలా ఏడవడం అతను తన సర్వేయరు జీవితంలో చూడలేదు. కారు గుద్దుకుంటే ఏడ్చేవాళ్ళను చాలామందిని చూశాడు. కారు దొరికితే ఏడ్చేవాణ్ణి చూడటం ఇదే.

"ఇదే సార్, ఇదే మా బండి," అన్నాడు దేవయ్య ముక్కు తుడుచుకుంటూ. "నేను కట్టిన మూట నాకు ఎర్కలేదా? మా ఇంటామె శాంతవ్వ చీరకొంగు సార్ ఇది. ఇంకేం చూస్తరు? మా అర్బాబు సాయంత్రం అసర్ నమాజు చేసుకొని అత్తడు. కండ్లు మూతలు పడకముందే ఆయన బండి ఆయన చూసుకోవాలె."

అర్బాబు అంటే అతని యజమాని నాసర్. దేవయ్య జగిత్యాల నుంచి డ్రైవరుగా వచ్చి ఆయన ఇంట్లోనే పెద్దవాడయ్యాడు. కంపెనీ పెట్టించింది ఆయనే. షుగరు జబ్బుతో ఇప్పుడు ఆయన చూపు తగ్గిపోతోంది. మరో రెండు మూడు నెలలే చూపు ఉంటుందని డాక్టర్లు చెప్పేశారట. ఒకప్పుడు ఆ ఇంట్లో దేవయ్య తోలిన ఎర్ర మస్టాంగ్‌ను ఎక్కడున్నా వెతికి తెచ్చి, ఆ కళ్ళకు చివరిసారి చూపించాలని అతని కోరిక. అందుకే కనిపించిన ప్రతి కార్ల వ్యాపారికీ చెప్పిపెట్టాడు. చివరికి మస్కట్‌లో, రూవి పక్కన వాదీ కబీర్‌లో, బాబు మియా షెడ్డులో దొరికింది.

దొరికిందని బాబు మియా అంటున్నాడు. నిజమేనని సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టింది అజహర్. డబ్బు కట్టేముందు ఇంకో సర్వేయరు కూడా చూడాలని దేవయ్య కంపెనీవాళ్ళు పట్టుబట్టి ఖమరుద్దీన్‌ను పిలిపించారు. ఆ అజహర్ ఎవరో కాదు, ఖమరుద్దీన్ భార్య హమీదున్నీసాకి ఒక్కగానొక్క తమ్ముడు.

అదీ ఇక్కడి తిప్పలు. బావా బావమరుదులిద్దరిదీ కడపే, ఇద్దరూ బండ్ల సర్వేయర్లే. ఒకే ఆఫీసులో మొదలై, ఎడమొహం పెడమొహంగా విడిపోయారు. ఖమరుద్దీన్ సొంతంగా ఎంక్వయిరీలు చేసుకుంటుంటే, అజహర్ దుబాయిలో ఏదో ట్రైనింగ్ పొంది మస్కట్ ఎండలో టై కట్టుకుని తిరుగుతున్నాడు. వారమంతా ఒకరి రిపోర్టు మీద ఒకరు నిప్పులు కురిపించుకోవడం, శుక్రవారం సాయంత్రం ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని బిర్యానీ తినడం వీళ్ళ ఆచారం. ఈరోజు శుక్రవారమే. పొద్దున బయల్దేరేటప్పుడు హమీదున్నీసా తలుపు దగ్గర నిలబడి మరీ చెప్పింది, "వాడితో కొట్లాడితే సాయంత్రం నీకు గంజి కూడా దొరకదు," అని.

ఖమరుద్దీన్ పొట్ట తడుముకుని కారు వైపు నడిచాడు.

అరవై తొమ్మిది మోడల్ మస్టాంగ్ మాక్ వన్. ఎర్రరంగు, నల్ల బానెట్, వెనక వాలుగా దిగిన కప్పు. ముచ్చటగానే ఉంది, దిష్టి తియ్యాలన్నంత ముచ్చటగా. అతనికి అక్కడే అనుమానం వచ్చింది.

"యాడ దొరికింది మియా?" అన్నాడు చుట్టూ తిరుగుతూ.

బాబు మియా హైదరాబాద్ పాతబస్తీ మనిషి. పాన్ నములుతూ, గుండె మీద చెయ్యి వేసుకుంటే తప్ప మాట మొదలుపెట్టడు. "సోహార్ అవతల ఎడారిల ఉండే ఒక బద్దూ దగ్గర సాబ్. గాఫ్ చెట్టు కింద పడి ఉండె. నేనే తెచ్చిన, రంగు వేసిన, సీట్లు కుట్టించిన. కాగజ్ అస్లీ, నంబర్ అస్లీ."

"ఆ బద్దూ పేరు?"

"బద్దూలకు పేర్లు అడిగితే బండి ఇస్తరా సాబ్?"

"కాగితం నాసర్ అర్బాబు పేరుమీదే ఉండాది. అంటే బద్దూ తన పేరుకు మార్పించుకోలేదు. ఇన్నేళ్ళూ అట్లనే పెట్టుకున్యాడా?"

"అదే కదా సాబ్, నసీబ్!"

అజహర్ బావకు అడ్డం వచ్చాడు. "దూలాభాయ్, నువ్వు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడ్తాండావు. డాష్‌బోర్డు మీద నంబరు రేకు చూసినా. కాగితంలో అదే నంబరు. ఇంజిను మీద గుద్దింది అదే, గేరుబాక్సు మీద గుద్దింది అదే. ఐదో స్థానంలో ఆర్ అక్షరం. అంటే ఆ ఏడాది మాక్ వన్‌లో వచ్చిన అన్నిటికంటే పెద్ద ఇంజిను. ఇంగేం కావల్ల?"

"గుద్దిన అంకె ఎప్పుడు గుద్దిందో అంకె చెప్తుందా రా?"

"మూట కూడా దొరికె కదా!"

అవును, మూట. ఖమరుద్దీన్ దేవయ్యను పక్కన ఒక టైర్ల దొంతర మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించాడు. "అన్నా, ఈ మూట సంగతి నాకు ఇంగోసారి చెప్పు. నిదానంగా."

దేవయ్య చెప్పాడు. ఒమన్‌కు వచ్చిన మొదటి ఏడు దసరా నాడు అతను బండి తుడుస్తూ ఒంటరిగా కంటతడి పెట్టుకున్నాడట. ఇంటి దగ్గరైతే బండికి బొట్టు పెట్టి, జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్‌బలయ్ ఇచ్చుకునే రోజు. ఏమైందని నాసర్ అడిగాడు. వచ్చీరాని హిందీలో, చేతులతో ఆకు ఆకారం గీసి చూపించి, దేవయ్య తన జమ్మిచెట్టును వర్ణించాడు. పెద్దాయన నవ్వి, చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయాడు.

"ఆడ నిలవడ్డది సార్ మా జమ్మి! మా ఊరి జమ్మే! ఈళ్ళు గాఫ్ అంటరు. నా కండ్ల పొంట నీళ్ళే నీళ్ళు. ఆయనే కొమ్మ వంచి పట్టుకున్నడు, నేను తెంపిన. బొట్టు పెడితే మందికి కనవడ్తది, ఆయనకు మాటత్తది. అందుకని ఆకు కొంగుముక్కల కట్టి గ్లోవ్ బాక్స్ ఎనుక వైర్లకు కట్టిన. అర్బాబుకు తెలుసు. 'నీ దేవుడు నా బండిలో కూసున్నడు, ఇక నాకు భయం లేదు' అనెటోడు."

"తర్వాత కారు ఏమైంది?"

"నేను లీవు మీద ఇంటికి పోయిన. అప్పుడే మా అర్బాబు భార్య సాలిమా చనిపోయింది. తిరిగొచ్చేవరకు బండి లేదు. దుబాయిల అమ్మేసిన అన్నడు. మళ్ళ ఆ మాట ఎత్తనియ్యలే."

"ఈ మూట గుర్తు ఉందని ఎవరికి చెప్పినావు?"

దేవయ్య తల గోక్కున్నాడు. "గీ ఇద్దరికే. మొదటిసారి ఈడికి అచ్చినప్పుడు బాబు మియా, అజహర్ సార్ పక్కపక్కనే ఉన్నరు. అప్పుడే చెప్పిన."

ఖమరుద్దీన్ ఆ ఇద్దరి వైపూ చూశాడు. ఇద్దరిలో ఒకడు. ఆ ఇద్దరిలో ఒకడిని అతను లాగులేసుకునే వయసు నుంచి ఎత్తుకు తిరిగాడు.

లేచి షెడ్డులో స్పానర్ల పెట్టె వెతికి తెచ్చాడు. "మడ్‌గార్డ్ ఇప్పల్ల," అన్నాడు.

"నక్కో సాబ్!" బాబు మియా చెయ్యి గుండె మీద నుంచి నెత్తి మీదికి పోయింది. "కొత్త పేంట్! పగిలిపోతది! అజహర్ సాబ్‌కి కూడా ఇదే చెప్పిన, ఆయన షరీఫ్ ఆద్మీ, విన్నడు."

ఖమరుద్దీన్ బావమరిది వైపు తిరిగాడు. "అంటే నువ్వు మడ్‌గార్డ్ కింద చూడనే లేదా?"

అజహర్ మొహం కందగడ్డయింది. "అన్నీ సరిపోయినాక యాల ఇప్పేది? పేంట్ పోతే పూచీ నాది కాదా?"

"రేయ్, ఈ కారును తయారుచేసినోళ్ళు చాసిస్ నంబరును ఇంగో చోట గుద్దినారు. లోపలి రేకు పైఅంచు మీద, మడ్‌గార్డ్ కిందికి పొయ్యేటట్టు. ఎందుకు దాచినారంటావు? నీలాంటోళ్ళు చూడరని, నాలాంటోళ్ళు చూడాలని."

"నువ్వు నా సర్టిఫికెట్ చించనీకే వచ్చినావు! అక్కకు చెప్తా!"

"చెప్పుకో. ముందు ఆ టై తీసి, ఈ బోల్టు పట్టుకో."

షెడ్డుకి శుక్రవారం సెలవు, మెకానిక్కులు లేరు. కాబట్టి బావా బావమరుదులే బానెట్ ఎత్తి వంగారు. ఒకరు తిప్పుతుంటే ఒకరు తిట్టారు. ఒకరి చెయ్యి జారితే ఇంకొకరు నొప్పి తగిలిందా అని అడిగి, అడిగినందుకు మళ్ళీ మొహం తిప్పుకున్నారు. అజహర్ తెల్లచొక్కా మోచేతుల దాకా నల్లబడింది. దేవయ్య మూటను గుప్పిట్లో పట్టుకుని గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. బాబు మియా మాత్రం పాన్ నమలడం మానేశాడు.

పైవరస బోల్టులన్నీ ఊడాయి. ఖమరుద్దీన్ మడ్‌గార్డ్ అంచు ఎత్తి పట్టి, "చదువు," అన్నాడు.

అజహర్ టార్చి వేసి, గుడ్డతో జిడ్డు తుడిచి, చదవడం మొదలుపెట్టాడు. "తొమ్మిది. ఎఫ్. సున్నా, రెండు..." అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ తుడిచాడు.

"ఐదోది చెప్పరా."

"హెచ్," అన్నాడు అజహర్. గొంతు పూర్తిగా దిగిపోయింది. "ఆ తర్వాతి అంకెలు కూడా వేరే ఉండాయి, దూలాభాయ్. ఇది మామూలు ఇంజినుతో పుట్టిన బండి. దీనికి పెద్ద ఇంజిను తెచ్చి పెట్టినారు. రేకు కొత్తది చేయించినారు, అంకెలు కొత్తగా గుద్దినారు."

పైన పటారం, లోన లొటారం. ఖమరుద్దీన్ మడ్‌గార్డ్ దించాడు. గెలిచినందుకు అతనికి ఏమీ సంతోషం కలగలేదు. బావమరిది అలా చేతులు వేలాడేసుకుని నిలబడటం చూస్తే, స్కూల్లో ఫెయిలై ఇంటికొచ్చి తలుపు చాటున నిలబడ్డ పిల్లవాడే కనిపించాడు.

దేవయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏందంటున్నరు సార్? మరి నా మూట? మూట నాదే గదా?"

"అన్నా, దాన్ని ఒకసారి ఇప్పనిస్తావా?"

"దేవునిది సార్ అది. ఇప్పొద్దు."

"నాకూ తెలుసు. దేవునిది గనకనే ఇప్పుదాం. అబద్ధమైతే అందులో ఆయన ఉండడు."

దేవయ్య మూటను ఇంకోసారి కళ్ళకు అద్దుకున్నాడు. చివరికి చెప్పులు విడిచి, మూటను రెండు చేతులతో ఇచ్చాడు. ఖమరుద్దీన్ కూడా చెప్పులు విడిచాడు. పక్కనున్న పనిబల్ల మీద రుమాలు పరిచి ముడి విప్పాడు. కొంగుముక్క పసుపు వెలిసి, మడతల్లో చిరుగులు పడి, పాతదనం దాని నిండా ఉంది. లోపల ఎండిన ఆకులు, చిన్న పుల్ల ఒకటి. ఆకు ఎండింది గానీ ఆకుపచ్చ ఇంకా పోలేదు. అతను పుల్లను వేళ్ళ మధ్య తిప్పాడు. చురుక్కుమని గుచ్చుకుంది.

"దీని ముళ్ళు చూడన్నా."

దేవయ్య ఒక్కసారే చూశాడు. చూసి, రుమాలు దగ్గర నుంచి అడుగు వెనక్కి వేశాడు. "గిది జమ్మి కాదు! గిది సర్కారు తుమ్మ! థూ! ఆకు మొలిచిన కాడ జంటముళ్ళు. జమ్మికి కొమ్మ పొడుగూతా ఆడొకటి ఈడొకటి ఉంటై. ఎవడు పెట్టిండు సార్ నా శాంతవ్వ కొంగుల గీ పాడు కంప?"

"అదే నేనూ అడుగుతాండా," అన్నాడు ఖమరుద్దీన్. "గుడ్డ అసలుది, ఆకు దొంగది. గుడ్డ అసలుదంటే ఎవరో ఈమధ్యనే అసలు కారు తలుపు తీసి, గ్లోవ్ బాక్స్ వెనక చెయ్యిపెట్టినారు. విప్పి చూసేసరికి పాత ఆకు పొడి అయిపోయింటుంది. ఖాళీ మూట ఇయ్యలేరు. కొత్త ఆకు కావాల్సొచ్చింది. దేవయ్యన్న మూట గురించి చెప్పింది ఇద్దరికే."

అజహర్ తల ఎత్తాడు. కళ్ళలో నీళ్ళు. "నన్ను అనుమానిస్తాండావా దూలాభాయ్? అడిగెయ్. అక్క లేదు ఇక్కడ."

"గుడ్డ మూట విప్పక ముందు అనుమానించినా," అన్నాడు ఖమరుద్దీన్ ఏమాత్రం దాచకుండా. "ఇప్పుడు లేదు. సర్కారు కంప మధ్య పుట్టిన కడప బిడ్డ దాన్ని జమ్మి అనుకుంటాడా? నీ అరికాల్లో దిగిన కంపముళ్ళన్నీ ఎవరు తీసినారు? నేను తియ్యలే? ఒక్కో ముల్లుకు ఒక్కో ఊరు వినేటట్టు అరిస్తివి. నువ్వు ఆకు మార్చాలనుకుంటే సరైన ఆకే తెస్తువు. నువ్వు చేసింది బద్ధకం. దొంగతనం కాదు."

అజహర్ మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. మొహం కూడా నల్లబడింది.

"ఇది పెట్టినోడు," ఖమరుద్దీన్ కొనసాగించాడు, "రెండు చెట్లనూ కారు అద్దంలోంచి మాత్రమే చూసినోడు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు బాబు మియా ముందుకొచ్చాడు. "అరె సాబ్, ఒక ఆకు కోసం ఇంత లొల్లా? అది కూడా అసొంటి చెట్టే కదా! పంపు పక్కన ఉన్నది, షెడ్డు ఎదురుంగ..."

మాట మధ్యలో నోరు మూసుకున్నాడు. ఆకు ఎక్కడిదో అక్కడ ఇంకా ఎవరూ చెప్పలేదు.

అజహర్ వెళ్ళి షెడ్డు చిన్నతలుపుకి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఖమరుద్దీన్ బాబు మియాను అదే టైర్ల దొంతర మీద కూర్చోబెట్టాడు. "మూట నీకు తెచ్చిచ్చింది ఎవరు?"

"ఖుదా కసమ్, నేను ఆ బండి ముట్టుకోలే సాబ్. రెండు బండ్లు, ఒకటే కాగజ్. ఈ బండి దేవయ్య సేట్‌కి, ఆ బండి ఓడకి. బయటి దేశం గిరాకీ, వాడు మడ్‌గార్డ్ ఇప్పి చూసే రకం. అందుకే అస్లీ వాడికి. కాగజ్ తెచ్చింది వేరేవాడు, మూట సంగతి నేను చెప్తే అదీ వాడే తెచ్చిండు. వాడే వచ్చిండు, వాడే చెప్పిండు, ఆ బండి పోతే పెద్దాయన పోలీసుకి పోడు అని."

"ఎందుకు పోడు?"

"అది నాకు చెప్పలే సాబ్."

"వాడెవడు?"

బాబు మియా నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే బయట లాండ్‌క్రూజర్ హారన్ మోగింది.

దేవయ్య ఉలిక్కిపడ్డాడు. "అచ్చిండు! మా అర్బాబు అచ్చిండు! సార్, ఏం చెప్పాలె నేను? ఇన్నాళ్ళు ఊరించిన. నిన్న ఫోన్‌ల సుత నీ బండి దొరికిందని చెప్పిన సార్!"

ఖమరుద్దీన్ గుమ్మం వైపు నడిచాడు. పెద్ద తలుపు తెరిస్తే నాసర్ లోపలికొచ్చాడు. కాళ్ళ దాకా తెల్లని దిష్‌దాషా అంగీ, చేతిలో కర్ర, పక్కన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న డ్రైవరు గణపతి. ఈ గణపతి దేవయ్య ఊరివాడే. రెండేళ్ళ కింద వీసా తెప్పించి, ఆ ఇంట్లో నమ్మకంగా పెట్టింది దేవయ్యే. గణపతి లోపలికి ఒక చూపు చూశాడు. ఎత్తిన బానెట్, రుమాలు మీద విప్పిన మూట, టైర్ల మీద కూలబడిన బాబు మియా. పెద్దాయన చెయ్యి నెమ్మదిగా వదిలి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

నాసర్ ఎర్రరంగు వైపు మొహం తిప్పి, వెతుక్కుంటూ వచ్చి, తలుపు తడిమి, డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉండి, మొహం నిండా నవ్వాడు.

"అల్‌హందులిల్లా," అన్నాడు గల్ఫ్ హిందీలో. "ఇదే నా కారు. దేవయ్యా, నా కారు తెచ్చావు."

ఖమరుద్దీన్ తన సర్వీసులో ఎన్నో అబద్ధాలు విన్నాడు. ఇంత చల్లగా, ఇంత ప్రేమగా చెప్పిన అబద్ధం ఇదే మొదటిసారి వినడం. అబద్ధమని అతనికి ఎలా తెలిసిందంటే, పెద్దాయన చెయ్యి గ్లోవ్ బాక్స్ వైపు పోనే పోలేదు. అక్కడే కూర్చున్నాడని తను నవ్వుకునే దేవుణ్ణి ఒక్కసారైనా తడిమి చూడలేదు.

దేవయ్య కారు పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అర్బాబు, తప్పయింది. ఇది మనది కాదు. నన్ను మోసం చేసిండ్రు."

"తెలుసు," అన్నాడు నాసర్.

"తెలుసా? మరి నీదే అన్నవు?"

"నువ్వు తెచ్చావు కదా. నువ్వు తెస్తే నాదే."

అజహర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఖమరుద్దీన్‌కి కూడా కళ్ళు చెమర్చాయి. కానీ అతను పని మీద వచ్చాడు, అడగవలసింది అడగక తప్పదు. "అర్బాబ్, తాకగానే ఎలా తెలిసింది?"

"తాకకముందే తెలుసు." పెద్దాయన నవ్వు మెల్లగా వెళ్ళిపోయింది. "నా కారు నేను ఎప్పుడూ అమ్మలేదు. సాలిమా ఆ కారులో నా పక్కన కూర్చునేది. ఆమె పోయాక దాన్ని చూడలేకపోయాను, అమ్మనూ లేకపోయాను. సోహార్‌లో మన ఇంటి ఖర్జూరం తోట గోదాములో పెట్టి తాళం వేశాను. దుబాయిలో అమ్మానని చెప్పాను, ఎవరూ అడగకూడదని. దేవయ్యా, నిన్ను కూడా మోసం చేశాను. నువ్వు దాని కోసం తిరుగుతున్నావని గణపతి చెప్పిన రోజు నుంచి నాకు సిగ్గుగా ఉంది. ఈరోజు చెబుదామనే వచ్చాను. నీ గొంతులో సంతోషం విని చెప్పలేకపోయాను."

దేవయ్య తల పట్టుకున్నాడు. ఊరూరా, దుబాయి దాకా వెతికించిన కారు, అతను రోజూ సలామ్ చెప్పి వచ్చే ఇంటి తోటలోనే ఉంది.

ఖమరుద్దీన్ మాత్రం వేరే లెక్కలో పడ్డాడు. అమ్మేశానని ఊరంతా చెప్పుకున్న కారు పోతే, పోయిందని ఎవరితో చెప్పుకుంటాడు? అందుకే పెద్దాయన పోలీసుకి పోడని ఆ వచ్చినవాడు అంత ధైర్యంగా అన్నది. ఆ రహస్యం ఇంట్లోవాడికే తెలియాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

"అర్బాబ్, గోదాము తాళంచెవి ఎవరి దగ్గర?"

"నా మెడలో. ఎప్పుడూ తియ్యను." నాసర్ దిష్‌దాషా మెడ దగ్గర చెయ్యి పెట్టాడు. దారం బయటికొచ్చింది. దారమే వచ్చింది. "వల్లా! రోజూ ఇంట్లో వేసినట్టే దారిలోనూ కళ్ళల్లో మందు వేశాడు... కళ్ళు మూసుకుని ఉండమన్నాడు..."

"ఎవరు?"

బయట లాండ్‌క్రూజర్ స్టార్టయింది. గుమ్మంలో గణపతి లేడు.

బాబు మియా రెండు చేతులూ పైకెత్తాడు. "వాడే సాబ్, వాడే! మూట కోసం పోయినప్పుడు కూడా అట్లనే తాళంచెవి తీసి మళ్ళ కట్టిండు! సోహార్‌ల ట్రెయిలర్ తయారుగున్నది. చీకటి పడినంక ఎత్తుడు అన్నడు, ఇగ ఇప్పుడు ఆగడు! అస్లీ బండి మత్రా పోర్టుకు చేరితే మళ్ళ దొరకది!"

"నేను తెచ్చిపెట్టిన పోరడు," అన్నాడు దేవయ్య. కోపం కన్నా బాధ ఎక్కువగా వినిపించింది ఆ గొంతులో. "నా చేతుల మీద స్టీరింగ్ నేర్చుకున్నడు సార్."

ఖమరుద్దీన్ తన కొరోలా తాళాల కోసం జేబులు తడుముకున్నాడు. తడుముకుంటూనే ఆగిపోయాడు. గాలే కాస్త ఎదురైతే మూలిగే ఆ ముసలిబండి లాండ్‌క్రూజర్‌ను అందుకోవడం కల్ల. అతని చూపు తిరిగి ఎర్రబండి మీద పడింది.

"అజ్జూ! ఈ ఇంజిను నిజంగా పెద్దదేనా? లేక అదీ నీ సర్టిఫికెట్ మాటేనా?"

అజ్జూ అని బావ పిలిచి ఎన్నేళ్ళయిందో. అజహర్ గడియ దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఇంజిను నిజమే దూలాభాయ్! నంబరొక్కటే దొంగది. దానికి నేను పూచీ!"

"అయితే నువ్వు ఇక్కడే ఉండు. మియాను కదలనీకు. సోహార్ పోలీసుకు ఫోన్ చెయ్, ఇద్దరి పేర్లూ చెప్పు. తర్వాత అక్కకు చెయ్."

"అక్కకు ఏం చెప్పేది?"

"కొట్లాడలేదని చెప్పు. బిర్యానీ మూత తియ్యొద్దని చెప్పు."

బోల్టులు బిగించే సమయం లేదు. బానెట్ దభీమని మూసి, వదులైన మడ్‌గార్డ్ ఊగకుండా అజహర్ తన దుబాయి టైని సైడ్ అద్దానికి బిగించి ముడి వేశాడు. ఖమరుద్దీన్ పొట్టను ముందు తోసి తను వెనకాల ఇరుక్కుని, ఇంత ఇరుకు సీటు తయారుచేసినవాళ్ళను మనసులో నాలుగు తిట్టాడు. దేవయ్య స్టీరింగ్ ముందు కూర్చుని, అలవాటుగా గ్లోవ్ బాక్స్ వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. శాంతవ్వ కొంగుముక్క ఒక్కటే అతని జేబులో ఉంది.

తాళం తిప్పాడు. షెడ్డు రేకులన్నీ ఒక్కసారి గలగలలాడాయి.

"అర్బాబు, దిగు. ఇదేం బండో ఎర్కలే. బ్రేకులు చూడలే, మడ్‌గార్డ్ ఊడి ఉన్నది. గణపతి చేతిల ఏమున్నదో తెల్వదు. నువ్వు ఈడనే ఉండు."

నాసర్ దిగలేదు. సీటులోకి ఇంకా వెనక్కి జరిగి, కర్రను కాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. దేవయ్య దగ్గర ఇన్నేళ్ళలో ఆయన నేర్చుకున్న తెలుగు మాట ఒక్కటే, 'పైలం'. దేవయ్య బండి తీసిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి జాగ్రత్త చెప్పడానికి ఆ మాటే అనేవాడు.

"నా కళ్ళల్లో ఇంకా కొంచెం వెలుగు ఉంది దేవయ్యా. అది నా కారు మీదే పడాలి," అన్నాడు పెద్దాయన, సోహార్ రోడ్డు వైపు వేలు చాపి. "పద. ఈ ఒక్కరోజుకి పైలం వద్దు."